కోర్‌ది కాని తప్పు: ఓవర్‌క్లాకింగ్‌లో మెమరీ వేగం స్థిరత్వాన్ని ఎలా దెబ్బతీస్తుంది

ప్రాసెసర్‌ను తయారీదారు హామీ ఇచ్చిన వేగానికి మించి నడపడానికి (అదే ఓవర్‌క్లాకింగ్) దాని గుణకం పెంచి, వోల్టేజీ సరిపెట్టి, ప్రాసెసర్‌ను కష్టపెట్టే ప్రైమ్95 ప్రోగ్రాంలో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్షను గంటలకొద్దీ నడిపినా ఒక్క తప్పు కనబడదు. తీరా గేమ్ తెరిస్తే అరగంటకే బ్లూస్క్రీన్. కోర్ వోల్టేజీ 0.02 పెంచితే ఏమీ మారదు. 0.05 పెంచితే వేడి తప్ప ఏమీ మారదు. ఇలాంటి చోట చాలాసార్లు తప్పు కోర్‌ది కాదు. ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టకముందే, పెద్దగా ఆలోచించకుండా బయోస్‌లో ఆన్ చేసి వదిలేసిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ది, అంటే ర్యామ్‌ను పెట్టె మీది వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగ్‌ది.

ఎక్స్‌ఎంపీ అన్నా, ఏఎండీ వాళ్ల ఎక్స్‌పో అన్నా అదీ ఓవర్‌క్లాకే. మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ లెక్క ప్రకారం డీడీఆర్4 తరం ర్యామ్ నడవాల్సింది 1.2 వోల్టుల మీద, గరిష్ఠంగా 3200 వేగంతో. డీడీఆర్5 ప్రయాణం 1.1 వోల్టుతో, 4800 దగ్గర మొదలైంది. ప్రాసెసర్ తయారీదారులు హామీ ఇచ్చే వేగాలూ ఆ దరిదాపుల్లోనే ఉంటాయి: ఏఎండీ రైజెన్ 5000కు డీడీఆర్4-3200, రైజెన్ 7000కు డీడీఆర్5-5200, ఇంటెల్ 12వ తరానికి డీడీఆర్5-4800, 13వ తరం పైస్థాయి మోడళ్లకు 5600. ర్యామ్ పెట్టె మీద 6000 అనో 7200 అనో అచ్చేసిన అంకె, ఆ స్టిక్‌లలోని చిప్‌లు అంత వేగాన్ని తట్టుకుంటాయని మాత్రమే చెబుతుంది. అదే వేగంతో వాటితో మాట్లాడాల్సిన మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంటుంది. దాని సంగతి ర్యామ్ కంపెనీకి తెలియదు. రెంటినీ కలిపే మదర్‌బోర్డు తీగల సంగతీ అంతే.

కాబట్టి "మెమరీ వేగం" అనే ఒక్క అంకె వెనక కనీసం మూడు నాలుగు విడి భాగాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో హద్దు, ఒక్కో వోల్టేజీ. అంకె పెంచినప్పుడు ఏది ముందు చేతులెత్తేస్తుందో తెలియకుండా కోర్ వోల్టేజీతో కుస్తీ పట్టడం వృథా.

గడియారాలు ముడిపడి ఉన్న రోజులు

ఈ చిక్కు మూలం అర్థం కావాలంటే ఇంటెల్ కోర్ 2 ప్రాసెసర్ల కాలం మంచి ఉదాహరణ. అప్పట్లో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో కాదు, మదర్‌బోర్డు మీది నార్త్‌బ్రిడ్జ్‌లో ఉండేది. కోర్ 2 క్వాడ్ క్యూ6600 గుణకం 9, బస్సు (ప్రాసెసర్‌ను నార్త్‌బ్రిడ్జ్‌తో కలిపే దారి) గడియారం 266 మెగాహెర్ట్జ్. రెండూ గుణిస్తే 2.4 గిగాహెర్ట్జ్. గుణకం పైకి కదలదు కాబట్టి వేగం పెంచాలంటే బస్సునే 333కు ఎక్కించాలి, అప్పుడు 3.0 గిగాహెర్ట్జ్ వస్తుంది. అయితే మెమరీ గడియారం కూడా అదే బస్సు నుంచి ఒక నిష్పత్తిలో పుడుతుంది. డీడీఆర్2-800 స్టిక్‌లు 2:3 నిష్పత్తిలో ఉంటే, బస్సు 266 ఉన్నంతసేపు మెమరీ 400 మెగాహెర్ట్జ్‌లో, అంటే సరిగ్గా తన 800 వేగంలో నడుస్తుంది. బస్సు 333 కాగానే అది 500కు, అంటే డీడీఆర్2-1000కు ఎగబాకుతుంది. ప్రాసెసర్ 3.0ను హాయిగా మోయగలిగినా, స్టిక్‌లు మోయలేక కంప్యూటర్ బూట్ కాదు. "నా చిప్ 3.0 ఎక్కడం లేదు" అని చాలామంది తేల్చేసుకున్నది ఇక్కడే. నిష్పత్తిని 1:1కు మార్చితే మెమరీ 333కు, అంటే డీడీఆర్2-667కు దిగుతుంది. అదే చిప్ మాట్లాడకుండా 3.0లో నడుస్తుంది.

మెమరీ కంట్రోలర్‌ను ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో ప్రాసెసర్‌లోకే తెచ్చేశాయి. గుణకం తెరిచిన చిప్‌లు వచ్చాక కోర్ వేగాన్ని మెమరీతో సంబంధం లేకుండా పెంచుకోవడం తేలికైంది. అయినా ముడి పూర్తిగా వీడలేదు. 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ను, వాడుకలో బీక్లాక్‌ను, 103 చేస్తే కోర్‌తో పాటు డీడీఆర్4-3200 కూడా 3296 అవుతుంది. 2011 నాటి ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు వంటివి తగిలించే దారి), స్టోరేజ్ కూడా ఆ గడియారం మీదే ఆధారపడేవి, అందుకే 3 నుంచి 5 శాతం దాటితే ఏదో ఒకటి తిరగబడేది. 2015లో స్కైలేక్ వాటిని వేరుచేసినా మెమరీ గుణకం మాత్రం బీక్లాక్ మీదే నిలిచి ఉంది. బీక్లాక్ ముట్టుకునేవాళ్లు ముందు మెమరీ గుణకాన్ని ఒక మెట్టు దించాలి. చాలా గైడ్‌లు ఈ మాట చెప్పకుండా దాటేస్తాయి.

కంట్రోలర్ ఏ నిష్పత్తిలో ఉంది?

ఇప్పటి ప్రాసెసర్లలో అసలు కథ ఇక్కడ నడుస్తుంది. డీడీఆర్ అంటే ఒక గడియారపు చక్రంలో రెండుసార్లు డేటా పోతుంది. డీడీఆర్5-6000 అసలు గడియారం 3000 మెగాహెర్ట్జ్. కంట్రోలర్ కూడా అదే 3000తో నడిస్తే 1:1, సగంతో నడిస్తే 1:2. ఇంటెల్ వీటిని గేర్ 1, గేర్ 2 అంటుంది. 2021లో రాకెట్ లేక్‌తో (11వ తరం) వచ్చిన ఈ పద్ధతి ఆల్డర్ లేక్ (12వ తరం) నుంచి డీడీఆర్5కు తప్పనిసరిగా గేర్ 2గా మారింది. డీడీఆర్4 బోర్డుల్లో గేర్ 1 ఇంకా ఉంది; అది చిప్‌ను బట్టి 3600 నుంచి 4000 మధ్య ఎక్కడో ఆగుతుంది. 12వ తరంలో కే అక్షరం లేని మోడళ్లకు సిస్టం ఏజెంట్ వోల్టేజీ, అంటే వీసీసీఎస్ఏ, తాళం వేసి ఉంటుంది కాబట్టి వాటిలో గేర్ 1 ఇంకా ముందే ఆగిపోతుంది. 3600 స్టిక్‌లు కొని, కోర్ ఏమీ ముట్టుకోకుండానే బూట్ కాక తికమకపడేవాళ్లలో వీళ్లూ ఉంటారు.

ఏఎండీలో ఒకటి కాదు, మూడు గడియారాలు: మెమరీది ఎంక్లాక్, కంట్రోలర్‌ది యూక్లాక్, ప్రాసెసర్‌లోని చిన్న చిప్ ముక్కలను, అంటే చిప్‌లెట్లను, కలిపే ఇన్ఫినిటీ ఫాబ్రిక్‌ది ఎఫ్‌క్లాక్. 2019లో రైజెన్ 3000 వచ్చేదాకా ఫాబ్రిక్ ఎప్పుడూ మెమరీతోనే కట్టేసి ఉండేది. ఆ తర్వాత విడదీసే వీలు వచ్చింది. రైజెన్ 3000, 5000లలో డీడీఆర్4-3600 దగ్గర మూడూ 1800లో ఒకే అడుగు వేస్తాయి. అంతకు మించితే ఆటో సెట్టింగ్ కంట్రోలర్‌ను సగానికి దించేస్తుంది. దాంతో లేటెన్సీ, అంటే అడిగిన డేటా అందడానికి పట్టే ఆలస్యం, సుమారు 10 నానోసెకన్లు పెరుగుతుంది. వేగం పెంచామనుకుంటే నిజానికి తగ్గినట్టు. బలవంతంగా 1:1లోనే ఉంచి 1900 ఎఫ్‌క్లాక్ నడపాలనుకుంటే కొన్ని చిప్‌లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకోనిది ఎప్పుడూ క్రాష్ అవుతుందని లేదు. ఫాబ్రిక్‌లో తప్పిన డేటాను హార్డ్‌వేర్ మళ్లీ పంపి సరిదిద్దుకుంటుంది. పైకి అంతా బాగానే ఉంటుంది. బెంచ్‌మార్క్ అంకె మాత్రం 1800 దగ్గర కంటే తక్కువ వస్తుంది, ఆడియో చిటపటలాడుతుంది, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరిట 19వ నంబరు హెచ్చరికలు గుట్టలుగా పేరుకుంటాయి.

రైజెన్ 7000లో లెక్క మారింది. ఫాబ్రిక్ 2000 చుట్టూ తన దారిన తాను నడుస్తుంది. 1:1లో ఉండాల్సింది ఎంక్లాక్, యూక్లాక్ మాత్రమే. డీడీఆర్5-6000 దగ్గర యూక్లాక్ 3000. దాదాపు అన్ని చిప్‌లూ దీన్ని మోస్తాయి, 6200 చాలావరకు వస్తుంది, 6400 అదృష్టం. ఒకే సీసీడీ (కోర్లుండే చిప్‌లెట్) ఉన్న మోడళ్లలో ఇంకా పైకి ఎక్కాలన్న ఆరాటానికి అర్థం తక్కువ. ఫాబ్రిక్ ఒక సీసీడీకి చక్రానికి 32 బైట్లే అందిస్తుంది. 2000 మెగాహెర్ట్జ్‌లో అది సెకనుకు 64 జీబీ. డీడీఆర్5-6000 రెండు ఛానళ్లలో ఇవ్వగలిగేది 96 జీబీ. ఇప్పటికే దారి ఇరుకైనచోట స్టిక్‌ల వేగం పెంచి, స్థిరత్వాన్ని పణంగా పెట్టి సాధించేది పెద్దగా ఉండదు.

కంట్రోలర్‌కు ఊతమిచ్చే వోల్టేజీ ఏఎండీలో ఎస్‌ఓసీ వోల్టేజీ, ఇంటెల్‌లో వీసీసీఎస్ఏ. డీడీఆర్5 ఇంటెల్ బోర్డుల్లో కంట్రోలర్ వీడీడీ2 కూడా లెక్కలోకి వస్తుంది. ప్రొఫైల్ ఆన్ చేయగానే బోర్డు ఆటోగా వీటిని పెంచేస్తుంది, కొన్ని బోర్డులు అవసరానికి మించి. 2023 వసంతంలో కొన్ని రైజెన్ 7000 చిప్‌లు, ముఖ్యంగా ఎక్స్3డీ మోడళ్లు, సాకెట్‌లోనే కాలిపోయిన తర్వాత ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 వోల్టుల దగ్గర కట్టేసింది. అంతకు ముందు ఎక్స్‌పో ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఆ గీత దాటేవి. ఈ వోల్టేజీ విషయంలో ఎక్కువ ఇస్తే ఎక్కువ స్థిరం అన్న లెక్క పనిచేయదు. ఒక దశ దాటాక పెంచేకొద్దీ తప్పులు పెరుగుతాయి, వీసీసీఎస్ఏ విషయంలో ఇది మరీ ఎక్కువ. 1.15, 1.20, 1.25 అని మెట్లుగా పరీక్షించి, తప్పులు ఆగిన చోట నిలపాలి తప్ప పై హద్దు దగ్గర మొదలుపెట్టి వదిలేయకూడదు.

కోర్‌ను మెమరీ నేరుగా తాకే చోటు

గడియారాలు విడిపోయినా కోర్, మెమరీ ఒకే చిప్‌లో, ఒకే విద్యుత్ పద్దు కింద బతుకుతున్నాయి. 105 వాట్ల రైజెన్‌కు ప్యాకేజీ మొత్తానికి ఇచ్చే హద్దు 142 వాట్లు. ఎస్‌ఓసీ వోల్టేజీ, ఫాబ్రిక్ వేగం పెంచితే అందులోంచి కొన్ని వాట్లు ఆ వైపు పోతాయి, కోర్లకు మిగిలేది తగ్గుతుంది. పీబీఓతో, అంటే ఏఎండీ ఆటోమేటిక్ ఓవర్‌క్లాకింగ్ సదుపాయంతో, నడిపేవాళ్లకు అన్ని కోర్ల బూస్ట్ 25, 50 మెగాహెర్ట్జ్ పడిపోయినట్టు కనబడేది ఇందుకే. అది అస్థిరత కాదు, పద్దు సర్దుబాటు.

దీనికంటే సూక్ష్మమైనది ఇంకొకటి ఉంది. మెమరీ నుంచి డేటా రావడానికి కాచుకుని కూర్చున్న కోర్ పెద్దగా కరెంటు లాగదు. మెమరీ వేగం పెరిగి డేటా త్వరగా అందితే అదే కోర్ అదే పనిలో ఎక్కువసేపు నిండుగా కష్టపడుతుంది. కరెంటు, వేడి పెరుగుతాయి, లోడ్ ఎక్కిన క్షణంలో వోల్టేజీ ఇంకాస్త కిందికి జారుతుంది. 4800లో 1.25 వోల్టులతో గట్టిగా నిలబడిన ఓవర్‌క్లాక్, 6400లో పెద్ద ఎన్‌కోడింగ్ పనికి 1.26 అడగవచ్చు. తేడా చిన్నదే, కానీ అంచు మీద నిలబెట్టిన సెట్టింగ్‌ను కూలదోయడానికి సరిపోతుంది. కోర్‌ను మెమరీ నెమ్మదిగా ఉన్నప్పుడు పరీక్షించి "స్థిరం" అని ముద్ర వేసుకున్నవాళ్లు రెండూ కలిపాక మళ్లీ పరీక్షించాల్సింది అందుకే.

వేడి, రిఫ్రెష్, టైమింగ్‌లు

డీర్యామ్‌లో, అంటే ర్యామ్ స్టిక్ మీది చిప్‌లలో, ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లోని ఛార్జ్. అది కారిపోతూ ఉంటుంది, కాబట్టి నియమిత వ్యవధిలో తిరిగి నింపాలి. ఆ వ్యవధి టీరెఫీ: డీడీఆర్4లో 7.8 మైక్రోసెకన్లు, డీడీఆర్5లో 3.9. నింపడానికి పట్టే సమయం టీఆర్‌ఎఫ్‌సీ. వేడెక్కిన కొద్దీ ఛార్జ్ త్వరగా కారుతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపు రిఫ్రెష్ చేయాలని ప్రమాణమే చెబుతుంది.

టైమింగ్‌లు, అంటే ర్యామ్ పనుల మధ్య వ్యవధులు, బిగించేవాళ్లు టీరెఫీని సాగదీసి, టీఆర్‌ఎఫ్‌సీని కుదిస్తారు. డీడీఆర్5-6000లో 3.9 మైక్రోసెకన్లంటే 11,700 చక్రాలు. దాన్ని ఏఎం5 బోర్డులు (రైజెన్ 7000 సాకెట్‌వి) అనుమతించే 65,535కు పెంచితే దాదాపు 21.8 మైక్రోసెకన్లు, ప్రమాణం కంటే ఐదున్నర రెట్లు. లాభం నిజమే, లేటెన్సీ తగ్గుతుంది. కానీ ఈ సెట్టింగ్ బతకడం మొత్తం స్టిక్ చల్లగా ఉండడం మీదే ఆధారపడుతుంది. డీడీఆర్4 కాలంలో అందరూ వెతికి కొన్న శాంసంగ్ బీ-డై రకం చిప్, బిగించిన టైమింగ్‌లతో 50 డిగ్రీల చుట్టుపక్కల నుంచే తప్పులు చూపడం మొదలుపెట్టేది.

మెమరీ పరీక్ష రాత్రంతా పాసై, గేమ్‌లో మాత్రం క్రాష్ కావడానికి ఇది బాగా సాధారణమైన కారణం. మెమరీ పరీక్ష నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది. గేమ్‌లో అదే కార్డు 300 వాట్ల వేడిని సరిగ్గా ర్యామ్ మీదికి ఊదుతుంది, స్టిక్‌లు 10, 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతాయి. డీడీఆర్5 స్టిక్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ ఎలాగూ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో చూడవచ్చు. గేమ్‌లో స్టిక్ 58 డిగ్రీలకు చేరుతుంటే పరీక్ష కూడా 58 దగ్గరే జరగాలి. గ్రాఫిక్స్ కార్డుకు కూడా లోడ్ పెట్టి మెమరీ పరీక్ష నడిపితే ఆ పరిస్థితి వస్తుంది. లేదా స్టిక్‌ల మీదికి ఒక చిన్న ఫ్యాన్ తిప్పితే సమస్యే పోతుంది.

టైమింగ్ అంకెలు చూసి మోసపోవడమూ మామూలే. సీఎల్ విలువను (అడిగాక డేటా రావడానికి పట్టే చక్రాల సంఖ్య) 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్4-3200 సీఎల్16, డీడీఆర్4-3600 సీఎల్18, డీడీఆర్5-6000 సీఎల్30 మూడూ సరిగ్గా 10 నానోసెకన్లే. డీర్యామ్ చిప్‌కు కావలసింది సమయం, చక్రాల లెక్క కాదు. అందుకే 3200లో సీఎల్14 నడిచిన స్టిక్, అంటే 8.75 నానోసెకన్లు, 3600లో కూడా సీఎల్14 నడవాలంటే 7.8లో పని ముగించాలి. వేగం పెంచి టైమింగ్ అలాగే ఉంచితే రెండు భారాలు ఒకేసారి వేసినట్టే. ముందు టైమింగ్‌లు వదులు చేసి వేగం హద్దు కనుక్కోవాలి, బిగించడం ఆ తర్వాత.

డీడీఆర్5లో చిప్ లోపలే తప్పులు సరిదిద్దే ఏర్పాటు ఉంది కాబట్టి అస్థిరత ఉండదనుకోవడం పొరపాటు. అది చిప్ లోపలి ఒక బిట్ తప్పును సరిచేస్తుంది. స్టిక్ నుంచి కంట్రోలర్‌కు వచ్చే దారిలో పాడైన డేటాతో దానికి సంబంధం లేదు. వేగం పెంచినప్పుడు పాడయ్యేది ఎక్కువగా ఆ దారిలోనే.

ఒక్కో బూట్ ఒక్కో రకం

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కంట్రోలర్ తీగల వెంట సంకేతాలు పంపి, ఏ క్షణంలో చదవాలి, ఏ వోల్టేజీని గీతగా తీసుకోవాలి అని కొలుచుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. తక్కువ వేగంలో సరైన క్షణానికి అటూ ఇటూ చాలా వెసులుబాటు ఉంటుంది, ఎలా కొలిచినా సరిపోతుంది. హద్దు దగ్గర ఆ కిటికీ సన్నబడి, ఒక బూట్‌లో బాగా కుదిరిన ట్రైనింగ్ మరో బూట్‌లో అంచు మీద కూర్చుంటుంది. నిన్న మూడు గంటల పరీక్ష పాసైనది ఇవాళ పది నిమిషాల్లో తప్పు చూపుతుంది. అందుకే ఒకసారి పాస్ కావడం చాలదు: పూర్తిగా పవర్ తీసేసి, కాసేపు ఆగి, చల్లబడ్డ స్థితి నుంచి బూట్ చేసి మళ్లీ పరీక్షించాలి. కనీసం మూడు సార్లు. ఏఎం5 బోర్డుల్లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే సెట్టింగ్ పాత ట్రైనింగ్‌నే మళ్లీ వాడి బూట్ సమయం తగ్గిస్తుంది; సెట్టింగ్‌లు వెతికే రోజుల్లో దాన్ని ఆపేసి ఉంచాలి.

స్టిక్‌ల సంఖ్య సంగతి క్లుప్తంగా. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువ వాటిలో తీగలు ఒక్కో ఛానల్‌లో ముందు దగ్గరి స్లాట్‌ను (1, 3) తాకి, అక్కడి నుంచి దూరపు స్లాట్‌కు (2, 4) పోతాయి. రెండు స్టిక్‌లే ఉంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి. 1, 3లో పెడితే ఖాళీగా వేలాడే తీగ చివర నుంచి సంకేతం తిరిగి కొట్టుకొచ్చి హద్దు వేగం పడిపోతుంది. నాలుగూ నింపితే పరిస్థితి పూర్తిగా వేరు: రైజెన్ 7000కు రెండు స్టిక్‌లతో అధికారిక వేగం 5200, నాలుగుతో 3600. రెండేసి స్టిక్‌ల 6000 కిట్లు రెండు కొని నాలుగూ పెట్టి, ఎక్స్‌పో పనిచేయడం లేదని బోర్డును నిందించడం న్యాయం కాదు. 64 జీబీ కావాలంటే 32 జీబీ స్టిక్‌లు రెండు ఒకే కిట్‌గా తీసుకోవాలి.

తప్పు ఎవరిదో తేల్చడం

బ్లూస్క్రీన్ పేరు చూసి తీర్పు చెప్పేయడం ప్రమాదకరం. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ వంటివి మెమరీ వైపు మొగ్గు చూపుతాయి. క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్ కోర్ వైపు. కానీ పాడైన బిట్ ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి ఏ పేరైనా రావచ్చు. అంతకంటే నమ్మదగ్గవి ఈవెంట్ వ్యూయర్‌లోని వివరాలు. రైజెన్‌లో 18వ నంబరు, క్యాష్ హైరార్కీ ఎర్రర్, ప్రతిసారీ అదే ఏపిక్ ఐడీ (కోర్ గుర్తింపు సంఖ్య) అంటే ఒక కోర్‌కు కర్వ్ ఆప్టిమైజర్‌లో (ఏఎండీలో కోర్ వోల్టేజీ తగ్గించే సెట్టింగ్) మితిమీరి వోల్టేజీ కోసినట్టు. 19వ నంబరు, బస్/ఇంటర్‌కనెక్ట్ ఎర్రర్ అంటే ఫాబ్రిక్ లేదా ఎస్‌ఓసీ. ఇంటెల్‌లో అదే 19 ఇంటర్నల్ ప్యారిటీ ఎర్రర్ అని చెబితే కోర్ లేదా రింగ్ (కోర్లను కలిపే దారి) వోల్టేజీ చాలడం లేదని అర్థం.

ఒక్కో పరీక్ష ఒక్కో భాగాన్ని గుచ్చుతుంది, ఈ సంగతి తెలిస్తే సగం పని అయినట్టే. ప్రైమ్95 స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ క్యాష్‌లోనే తిరుగుతుంది. మెమరీ పూర్తిగా చెడి ఉన్నా అది పాస్ కావచ్చు. లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ కంట్రోలర్‌ను, ర్యామ్‌ను తాకుతుంది. స్మాల్ పాసై లార్జ్ ఫెయిలైతే చూపు మెమరీ వైపు తిప్పాలి. టెస్ట్‌మెమ్5 ప్రోగ్రాం ఎక్స్‌ట్రీమ్ కాన్ఫిగ్‌తో స్టిక్‌లు, టైమింగ్‌ల లోపాలను బాగా పట్టిస్తుంది. కారూ అనే మెమరీ పరీక్ష ప్రోగ్రాం కూడా అంతే. వై-క్రంచర్ ప్రోగ్రాంలో వీటీ3 పరీక్ష డీడీఆర్5 కంట్రోలర్‌కు గట్టి శిక్ష. మెమ్‌టెస్ట్86 యూఎస్‌బీ నుంచి బూట్ అవుతుంది, అదే దాని గొప్ప. బరువు తక్కువ కాబట్టి అది పాస్ కావడం ఆరంభమే తప్ప ముగింపు కాదు. దాని 13వ పరీక్ష, హ్యామర్ టెస్ట్‌లో మాత్రమే తప్పులొస్తే అది చిప్ స్వభావం కావచ్చు, ఓవర్‌క్లాక్ తప్పు కానక్కర్లేదు.

ఒక మినహాయింపు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో మితిమీరిన వోల్టేజీ వల్ల కొన్ని శాశ్వతంగా బలహీనపడ్డాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని మైక్రోకోడ్ మార్పులు ఇచ్చింది. అలాంటి చిప్ గేమ్ షేడర్లు విప్పే సమయంలో వీడియో మెమరీ చాలడం లేదన్న అబద్ధపు సందేశంతో కూలుతుంది. మెమరీని జెడెక్‌కు దించినా, ఓవర్‌క్లాక్ మొత్తం తీసేసినా అది పోకపోతే సెట్టింగ్‌లతో కాలయాపన చేయకుండా బయోస్ నవీకరించి, వారంటీ దారి పట్టాలి.

పని వరుస

మొదట ప్రధాన డేటాకు బ్యాకప్. అస్థిరమైన కోర్ చాలావరకు క్రాష్‌తో బయటపడుతుంది. అస్థిరమైన మెమరీ నిశ్శబ్దంగా ఫైళ్లను పాడుచేస్తుంది. కొత్త వేగం మొదటి పరీక్ష విండోస్‌లో కాకుండా మెమ్‌టెస్ట్86లో జరగాలి.

తర్వాత ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో తీసేసి, మెమరీని జెడెక్ వేగంలో ఉంచి కోర్ పని ముగించాలి. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ ఒక గంట, కర్వ్ ఆప్టిమైజర్ వాడితే కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోర్‌ను విడిగా. దొరికిన విలువలు రాసిపెట్టుకుని, కోర్‌ను పూర్తిగా ఫ్యాక్టరీ స్థితికి తేవాలి. ఇది చాలామందికి విసుగు పుట్టించే మెట్టు, దాటవేసేదీ దీన్నే.

ఇప్పుడు ప్రొఫైల్ ఆన్ చేసి, ముందు నిష్పత్తి చూడాలి: ఏఎండీలో జెన్‌టైమింగ్స్ ప్రోగ్రాంలో ఎంక్లాక్, యూక్లాక్ సమానంగా ఉన్నాయా, ఇంటెల్‌లో గేర్ ఏది. ఆ తర్వాత కంట్రోలర్ వోల్టేజీ ఆటోలో ఎంత పెట్టిందో చూసి, చేత్తో ఒక విలువ నిలపాలి. ఏఎం5లో 6000కు ఎస్‌ఓసీ 1.20 నుంచి 1.25 మంచి ఆరంభం. ఏఎం4లో, అంటే రైజెన్ 3000, 5000 బోర్డుల్లో, 3600కు 1.05 నుంచి 1.10. స్టిక్ వోల్టేజీ ప్రొఫైల్ చెప్పినంతే, డీడీఆర్4కు సాధారణంగా 1.35, డీడీఆర్5-6000 సీఎల్30 కిట్లకు కూడా 1.35 దగ్గరే. టెస్ట్‌మెమ్5 పూర్తి చక్రం, వీటీ3 ఒక గంట. మొదటి నిమిషాల్లోనే తప్పులు కురిస్తే వేగం మోయలేని స్థితి లేదా ఒక టైమింగ్ బాగా బిగిసింది. గంట తర్వాత ఒకటి రెండు తప్పులొస్తే ముందు ఉష్ణోగ్రత చూడాలి, తర్వాత వోల్టేజీని 0.02 కదపాలి. పైకే కాదు, కిందికి కూడా కదిపి చూడాలి. ఒకసారికి ఒక్క విలువే మార్చాలి.

బూట్ కాకుండా ఆగిపోతే కంగారు అక్కర్లేదు. డీడీఆర్5లో కొత్త సెట్టింగ్‌తో మొదటి ట్రైనింగ్‌కు కొన్ని నిమిషాలు పట్టడం మామూలే, తెర నల్లగా ఉంది కదా అని మధ్యలో పవర్ తీయకూడదు. నిజంగానే రాకపోతే సీమాస్ క్లియర్ చేసి (బయోస్ సెట్టింగ్‌లను చెరిపేసి), రాసిపెట్టుకున్న చివరి మంచి విలువలతో మళ్లీ మొదలుపెట్టడమే.

చివరికి రెండూ కలపాలి. ఇక్కడ లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ, వై-క్రంచర్ అన్ని పరీక్షలూ, గ్రాఫిక్స్ లోడ్‌తో కలిపి మెమరీ పరీక్ష. విడివిడిగా పాసైన రెండు కలిసినప్పుడు ఫెయిలైతే, కోర్ వోల్టేజీ 0.01 నుంచి 0.02 పెంచి ఒకసారి చూడాలి. తగ్గకపోతే ఏదో ఒకటి దించాలి, దించాల్సింది చాలాసార్లు మెమరీనే: 6400 నుంచి 6000కు దిగి టైమింగ్‌లు కాస్త బిగిస్తే పోయే పనితనం కంటికి కనబడదు. దించేటప్పుడు వేగంతో పాటు కంట్రోలర్ వోల్టేజీని కూడా దించడం మరవకూడదు. 6400 కోసం పెంచిన 1.3 వోల్టులను 6000 దగ్గర అలాగే వదిలేస్తే, ఆ వేడి కోర్ల ఖాతాలోంచే పోతుంది.